సీసపు సిపాయికి తెల్లపొడి పడితే

తగరపు సైనికులు అంటాం గానీ, పాత బొమ్మల్లో ఎక్కువ భాగం సీసమే. 18వ శతాబ్దంలో న్యూరెంబర్గ్‌లో హిల్పెర్ట్ కుటుంబం పోసిన పలుచని పలక బొమ్మల్లో తగరం పాలు బాగా ఉండేది. 1893లో లండన్‌లో విలియం బ్రిటన్ సంస్థ మొదలుపెట్టిన 54 మిల్లీమీటర్ల గుల్ల బొమ్మలు మాత్రం సీసంలో ఆంటిమొనీ అనే గట్టి లోహం, తగరం కలిపి పోసినవి. ఏ లోహమో తేల్చుకోకుండా మందు వేయకండి.

సమస్య: బొమ్మ మీద తెల్లటి పొడి, దాని కింద గుంటలు.

చూడ్డానికి బూజులా ఉంటుంది, కానీ అది సీసం కార్బనేట్. కారణం చాలాసార్లు బొమ్మలో కాదు, బీరువాలో ఉంటుంది. ఓక్ చెక్క, చెక్కపొట్టు అతికించి చేసే ఎండీఎఫ్ పలకలు, మామూలు అట్టపెట్టెలు ఎసిటిక్ ఆమ్లం ఆవిరిని వదులుతూనే ఉంటాయి. ఆ ఆవిరికి తేమ తోడైతే సీసం కరిగి లవణమవుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ ఆ లవణాన్ని తెల్లపొడిగా మార్చి, ఆమ్లాన్ని మళ్లీ విడుదల చేస్తుంది. అందుకే ఒకసారి మొదలైతే ఆగదు. ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకుందని అంతా అనుకుంటారు. నిజానికి ఆ పెట్టెలో అన్నీ పీల్చే గాలి ఒకటే.

ముందు బొమ్మల్ని ఆ పెట్టెలోంచి తీసేయండి. పొడి విషం కాబట్టి చేతులకు తొడుగులు, ముక్కుకు మాస్కు ఉండాలి. పొడి బ్రష్‌తో దులిపితే గాలిలోకి లేస్తుంది. ఖాళీ అయిన అరను తడిగుడ్డతో తుడవండి, బొమ్మని కాదు. నేను మొదట్లో ఒక గుర్రపు రౌతును సబ్బునీళ్లతో కడిగాను. పొడితో పాటు అతని కోటు రంగంతా పళ్లెంలోకి దిగిపోయింది. ఇకపై గాజు, లోహపు అరలు, ఆమ్లరహిత కాగితం, తేమ పీల్చే సిలికా జెల్ వాడండి. గుంటలు లోతుగా ఉంటే లోహ వస్తువుల సంరక్షకుల చేతికే ఇవ్వాలి.

దీన్ని ‘తగరపు తెగులు’తో కలపకండి. అది శుద్ధ తగరానికి 13 డిగ్రీల కన్నా తక్కువ చలిలో వచ్చేది, పొడి బూడిదరంగులో ఉంటుంది. కాస్త సీసమో ఆంటిమొనీయో కలిసిన లోహంలో దాదాపు కనిపించదు. రష్యా చలికి నెపోలియన్ సైనికుల గుండీలు పొడైపోయాయన్న మాటను కథగానే వినండి.

సమస్య: పెట్టె మీద ఒక పటాలం పేరు, లోపల ఇంకో పటాలం.

అమ్మేవాళ్లు పెట్టెలు మార్చి ఉండొచ్చు, ఎవరో రంగు మళ్లీ వేసి ఉండొచ్చు. బ్రిటిష్ గార్డ్స్ (రాజకుటుంబపు కాపలా పటాలాలు) బొమ్మలైతే ఎలుగుచర్మపు టోపీ మీద తురాయి చూడండి. గ్రెనడియర్లకు ఎడమవైపు తెలుపు, కోల్డ్‌స్ట్రీమ్‌కు కుడివైపు ఎరుపు, ఐరిష్‌కు కుడివైపు నీలం, వెల్ష్‌కు ఎడమవైపు తెలుపు-ఆకుపచ్చ-తెలుపు. స్కాట్స్ గార్డ్స్‌కు తురాయే లేదు. ఎడమ, కుడి అన్నవి సిపాయివి, మనవి కావు. ‘నకిలీ గ్రెనడియర్’ అని వచ్చే ఫిర్యాదులు కొన్ని ఇక్కడే తేలిపోతాయి. ఐరిష్ గార్డ్స్ పుట్టింది 1900లో, వెల్ష్ గార్డ్స్ 1915లో. అంతకంటే పాత బొమ్మ అని ఎవరైనా అంటే మాట్లాడకుండా పెట్టె మూసేయండి.

మిగతా పదాతి పటాలాలకు కాలరు, చేతుల అంచుల రంగే ఆనవాలు. బ్రిటిష్ సైన్యంలో 1881 సంస్కరణలతో అంకెలతో పిలిచే పటాలాలకు పేర్లు వచ్చాయి, అంచులు కూడా మారాయి: ‘రాయల్’ బిరుదున్న రాచ పటాలాలకు నీలం, ఇంగ్లిష్, వెల్ష్ వాటికి తెలుపు, స్కాటిష్ వాటికి పసుపు, ఐరిష్ వాటికి ఆకుపచ్చ. తమ పాత రంగు పోయిందని పటాలాలు గింజుకున్నాయి. 1890లో బఫ్స్ పటాలం తన లేత గోధుమ రంగును తిరిగి రాబట్టుకుంది. ఆ మొండితనం నాకు నచ్చుతుంది. వాటర్లూ యుద్ధం (1815) నాటి బొమ్మకు మాత్రం ఈ పట్టిక పనికిరాదు, అప్పుడు రంగు పటాలాన్ని బట్టి మారేది.

అడుగున ఉన్న సంవత్సరం ఆ నమూనా హక్కు నమోదైనది. పోత పోసిన ఏడాది అనుకుంటే లెక్క తప్పుతుంది.

సమస్య: తల ఊడింది.

గుల్ల బొమ్మకు మెడ దగ్గర లోహం పలుచన. పాతకాలం వైద్యం అగ్గిపుల్ల: ఒక కొస మెడలోకి, ఇంకో కొస తలలోకి. టంకం కాక పెట్టకండి, ముఖం కరిగి కారిపోతుంది. అమ్మేటప్పుడు ఆ పుల్ల సంగతి చెప్పాలి.

సమస్య: రంగు పెచ్చులూడుతోంది.

ఎండ తగలనివ్వకండి, తాకడం తగ్గించండి. కొత్త రంగు మాత్రం వేయకండి. సగం ఊడిన అసలు రంగుకున్న విలువ నిండుగా వేసిన కొత్త రంగుకు రాదు.

సమస్య: పాతదన్నారు, చేతిలో మరీ బరువుగా ఉంది.

గుల్ల బొమ్మలో కరిగిన లోహాన్ని అచ్చులో తిప్పి మిగిలింది వంచేస్తారు, అందుకే చిన్న రంధ్రం మిగులుతుంది. ఆ నమూనాయే రంధ్రం లేకుండా గట్టి ముద్దగా ఉంటే, అసలు బొమ్మ మీద అచ్చు తీసి మళ్లీ పోశారన్నమాట.