ఇథనాల్ నుంచి హైడ్రోజన్: నికెల్-సీరియా ఉత్ప్రేరకాన్ని తయారుచేసి పరీక్షించే విధానం

ఇథనాల్ ఆవిరిని నీటి ఆవిరితో కలిపి వేడి లోహం మీదుగా పంపితే, ఒక ఇథనాల్ అణువూ మూడు నీటి అణువులూ కలిసి ఆరు హైడ్రోజన్ అణువులనూ రెండు కార్బన్ డయాక్సైడ్ అణువులనూ ఇవ్వాలన్నది కాగితం మీది లెక్క. ఆచరణలో మీథేన్, కార్బన్ మోనాక్సైడ్, ఎసిటాల్డిహైడ్ అందులో వాటాకు వస్తాయి. ఇథిలీన్ అయితే బొగ్గుగా మారి లోహాన్నే కప్పేస్తుంది. అందువల్ల ఉత్ప్రేరకం మొదటి గంటలో ఎంత హైడ్రోజన్ ఇచ్చిందన్నది నన్ను పెద్దగా ఆకట్టుకోదు, మూడో రోజున ఎంత ఇస్తోందన్నదే అడుగుతాను.

కార్బన్-కార్బన్ బంధాన్ని తెంచడంలో రోడియం మేటి, కానీ దాని ధర భరించడం కష్టం. రాగి ఆ బంధాన్ని సరిగా తెంచలేక ఎసిటాల్డిహైడ్ దగ్గరే ఆగిపోతుంది. నికెల్ చవక, బంధాన్ని బాగా తెంచుతుంది, అయితే బొగ్గు పోగులను కూడా పెంచుతుంది. ఈ లోపాన్ని చాలావరకు ఆధార పదార్థంతో, అంటే లోహాన్ని పరిచి నిలిపే పొడితో, సరిదిద్దవచ్చు: అల్యూమినాకున్న (అల్యూమినియం ఆక్సైడ్) ఆమ్లగుణం ఇథనాల్ నుంచి నీటిని లాగి ఇథిలీన్‌ను పుట్టిస్తే, సీరియా (సీరియం అనే లోహపు ఆక్సైడ్) తన స్ఫటికంలోని ఆక్సిజన్‌ను అందించి, పేరుకుంటున్న కార్బన్‌ను కొంత తొలగిస్తుంది.

పది శాతం నికెల్ ఉన్న 10 గ్రాముల ఉత్ప్రేరకానికి 9 గ్రాముల సీరియా, 4.95 గ్రాముల నికెల్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్ కావాలి. ముందుగా ఒక గ్రాము సీరియా ఎంత నీరు పీలుస్తుందో చుక్కచుక్కగా పోసి కొలవండి. అరిసెల తడిపిండిలా గుప్పిట్లో నొక్కితే ముద్దగా నిలిచి, నీరు మాత్రం పైకి తేలకపోతే అదే హద్దు. ఆ లెక్కన మొత్తం సీరియాకు పట్టేంత నీటిలో నికెల్ నైట్రేట్‌ను కరిగించి పొడికి పట్టించండి. ఆ ఆకుపచ్చని ద్రావణం ఆ పరిమాణంలో పట్టకపోతే, మధ్యలో ఆరబెడుతూ రెండు మూడు విడతలుగా కలపాలి. నికెల్ లవణాలు క్యాన్సర్ కారకాలు కనుక చేతి తొడుగులు తప్పనిసరి. 110 డిగ్రీల సెల్సియస్ వద్ద రాత్రంతా ఆరనిచ్చి, 500 డిగ్రీల వద్ద నాలుగు గంటలు కాల్చండి. ఆ సమయంలో గోధుమ రంగు నైట్రోజన్ డయాక్సైడ్ పొగ వెలువడుతుంది కాబట్టి కొలిమి పొగగూటి కిందే ఉండాలి.

వచ్చిన పొడిని జల్లెడ పట్టి, 200 మిల్లీగ్రాములను క్వార్ట్జ్ రేణువులతో కలిపి గొట్టంలో నింపండి. సబ్బునీటితో లీకేజీ చూసుకున్నాకే, నైట్రోజన్‌లో పది శాతం హైడ్రోజన్‌ను పంపుతూ 600 డిగ్రీల వద్ద రెండు గంటలు క్షయకరణం చేయాలి, అంటే నికెల్ ఆక్సైడ్‌లోని ఆక్సిజన్‌ను తీసేసి నికెల్ లోహాన్ని మిగల్చాలి.

ద్రవ మిశ్రమంలో నీటిని మూడింతల దగ్గర ఆపడం పిసినారితనమే. ఒక మోల్ ఇథనాల్‌కు ఆరు మోల్‌లు వేస్తే బొగ్గు తగ్గుతుంది. అంటే 100 మిల్లీలీటర్ల శుద్ధ ఇథనాల్‌కు సుమారు 185 మిల్లీలీటర్ల నీరు. (డిస్టిలరీలు ఎంతో ఇంధనం ఖర్చుపెట్టి తీసేసే నీటినే మనం మళ్లీ పోస్తున్నాం.) డీనేచర్డ్ స్పిరిట్ (తాగకుండా ఇతర రసాయనాలు కలిపిన ఇథనాల్) వాడవద్దు, అందులో కలిపినవి లోహాన్ని పాడుచేయవచ్చు. మిశ్రమాన్ని 150 డిగ్రీల వద్ద ఆవిరి చేసి, 550 డిగ్రీల వద్ద ఉంచిన ఉత్ప్రేరకపు పొరపైకి పంపండి. బయటికొచ్చే వాయువును చల్లార్చి, ద్రవాన్ని వేరుచేసి, గ్యాస్ క్రొమటోగ్రాఫ్‌కు (వాయువులను విడదీసి కొలిచే పరికరానికి) ఇవ్వండి. అందులో ఉన్నది ఉష్ణవాహకత తేడాతో వాయువులను పసిగట్టే డిటెక్టర్ అయితే, నమూనాను మోసుకెళ్లే వాహక వాయువు ఆర్గాన్ కావాలి. హీలియం ఉష్ణవాహకత హైడ్రోజన్‌కు దగ్గరగా ఉండటం వల్ల దాంతో హైడ్రోజన్ సంకేతం సరిగా తేలదు. ప్రతి పూటా కార్బన్ లెక్క సరిచూడండి: లోపలికి వెళ్లిన కార్బన్ బయట కనిపించకపోతే, అది చాలావరకు ఉత్ప్రేరకం మీదే కూర్చుని ఉంటుంది.

ఆపేటప్పుడు ఇంధన ప్రవాహం కట్టేసి, వేడి ఇంకా ఎక్కువగా ఉండగానే నైట్రోజన్‌తో గొట్టాన్ని బాగా కడగాలి. చల్లబడుతున్న నికెల్ కార్బన్ మోనాక్సైడ్‌తో కలిస్తే నికెల్ కార్బొనైల్ అనే ప్రాణాంతక విషం పుట్టే ప్రమాదముంది. గది ఉష్ణోగ్రతకు వచ్చాక కూడా వెంటనే గొట్టం తెరవకూడదు. నైట్రోజన్‌లో ఒక శాతం ఆక్సిజన్‌ను కాసేపు పంపి లోహంపై పలుచని ఆక్సైడ్ పొర ఏర్పడనివ్వాలి. లేకుంటే సన్నని నికెల్ పొడి గాలి తగలగానే నిప్పురవ్వలా ఎర్రబడుతుంది.