కొత్త స్పోర్ట్స్ బైకు: ఒళ్లు నొప్పులు లేకుండా నడపడానికి కావలసిన సర్దుబాట్లు

స్పోర్ట్స్ బైకు కొన్న మొదటి నెలలో మణికట్లు నొప్పి పుట్టలేదని చెప్పిన వాళ్లు నాకు ఇంతవరకు తారసపడలేదు. కొత్త బండి మీద నల్లగొండ నుంచి నాగార్జునసాగర్‌కు బయలుదేరిన రోజు, హాలియా దాటేసరికే నా ఎడమ అరచేయి తిమ్మిరెక్కి క్లచ్ నొక్కడానికి వేళ్లు సహకరించలేదు. సాగర్ చేరాక హెల్మెట్ బకిల్ విప్పుకోవడానికి కూడా కొంతసేపు పట్టింది. ఆ సాయంత్రం బండి అమ్మేద్దామన్న ఆలోచన గట్టిగానే వచ్చింది. ఆ తర్వాత బండికి రెండు మూడు చిన్న సర్దుబాట్లు చేయించుకుని, కూర్చునే తీరు మార్చుకున్నాను. ఇప్పుడు అదే దారిన పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చినా మర్నాడు పనికి ఇబ్బంది ఉండదు. మన దగ్గర కొత్తగా ఈ తరహా బండి కొనే వాళ్లకు పనికి వస్తుందని ఆ వివరాలు రాస్తున్నాను.

కొనే ముందు చాలామంది సీటు ఎత్తు ఒక్కటే చూస్తారు. స్ప్లెండర్ సీటు ఎత్తు 785 మి.మీ. అయితే యమహా ఆర్15 సీటు 815, టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310 సీటు 810 మి.మీ. ఉంటాయి. ఈ తేడా రెండు మూడు సెంటీమీటర్లే కాబట్టి దానికి నాలుగు రోజుల్లో అలవాటు పడతాము. ఒంటిని నిజంగా ఇబ్బంది పెట్టేవి కిందికి దిగిన హ్యాండిళ్లు, వెనక్కి జరిగిన ఫుట్‌రెస్టులు. ఆర్15లో హ్యాండిళ్లు బాగా కిందికి ఉంటాయి, సుజుకి జిక్సర్ ఎస్ఎఫ్ 250లో కాస్త పైకి ఉంటాయి. ఆదివారాలు సరదాగా తిరగడానికి మొదటిది బాగానే ఉంటుంది గానీ, ఉద్యోగం కోసం రోజూ నల్లగొండ నుంచి మిర్యాలగూడకు వెళ్లి రావలసిన వాళ్లకు రెండో తరహా బండే తగినదని నా అభిప్రాయం. షోరూంలో స్టాండు మీద ఉన్న బండిపై కూర్చుని ఫొటో దిగితే ఏమీ తెలియదు. ఒకరిని బండి నిలువుగా పట్టుకోమని చెప్పి, రెండు పాదాలూ ఫుట్‌రెస్టుల మీద పెట్టి, హ్యాండిల్ పట్టుకుని కనీసం పది నిమిషాలు కూర్చోండి. టెస్ట్ రైడ్‌కు ఇచ్చినప్పుడు సాఫీ రోడ్డు మీదే తిరిగి రాకుండా స్పీడ్ బ్రేకర్లున్న కాలనీలోకి తీసుకెళ్లండి, ఒక ఇరుకు సందులో వెనక్కి తిప్పి చూడండి. హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు బొటనవేలు ట్యాంకుకు నొక్కుకుంటుందో లేదో అక్కడే తెలుస్తుంది.

ఇక కూర్చునే తీరు. ముందుకు వంగి నడిపే బండి కాబట్టి బరువంతా చేతుల మీద వేయాలని కొత్తవాళ్లు అనుకుంటారు, నొప్పికి మూలం అదే. చేతులు బండిని తిప్పడానికి మాత్రమే ఉండాలి. పైభాగం బరువును తొడలు, పొట్ట కండరాలు, నడుము మోయాలి. మోకాళ్లతో ట్యాంకును రెండు వైపులా అదిమి పట్టండి. పాదం మధ్య భాగం కాకుండా వేళ్ల వెనకాల ఉండే మెత్త ఫుట్‌రెస్టు మీద ఆనేలా పెట్టండి. వీపును విల్లులా వంచకుండా తుంటి దగ్గర నుంచి ముందుకు వాలండి. మోచేతులు బిగుసుకుని నిటారుగా ఉంటే ప్రతి గుంతా నేరుగా భుజానికి తగులుతుంది కనుక వాటిని కాస్త వంచి వదులుగా ఉంచండి. బరువు ఎక్కడ పడుతోందో తెలుసుకోవడానికి ఒక తేలిక పరీక్ష ఉంది: ఖాళీ రోడ్డు మీద బండి నిలకడగా సాగుతున్నప్పుడు, హ్యాండిల్ వదలకుండానే, కోడి రెక్కలాడించినట్టు మోచేతులను మెల్లగా పైకీ కిందికీ ఆడించి చూడండి. అవి అడ్డు లేకుండా ఆడితే మీరు సరిగ్గా కూర్చున్నట్టే, ఆడకపోతే హ్యాండిల్ మీద వాలి ఉన్నారన్నమాట. బ్రేకు వేసినప్పుడు ఒళ్లంతా ముందుకు తోసుకొస్తుంది కాబట్టి, వేలు బ్రేకు మీదికి పోయేలోపే మోకాళ్లు ట్యాంకును అదమడం అలవాటు కావాలి. నాకు ఈ ఒక్క అలవాటు రావడానికి మూడు వారాలు పట్టింది, నొప్పిలో సగం దానితోనే పోయింది.

హైవే కంటే ఊళ్లోనే చేతులు ఎక్కువ నొప్పి పెడితే కంగారు పడకండి. అరవై, డెబ్బై వేగంలో ఎదురుగాలి ఛాతీని కొంత ఆపి పడుతుంది. గడియారం చౌరస్తాలో ఆటోల మధ్య నడక వేగంతో పోతున్నప్పుడు ఆ సాయం ఉండదు, పైగా క్లచ్ పదే పదే నొక్కాలి.

బండి ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే మూడు పనులు చేయించుకోవాలి. మొదటిది క్లచ్, బ్రేకు లివర్ల వాలు. మామూలుగా కూర్చుని వేళ్లు చాపితే ముంజేయి, మణికట్టు, వేళ్లు ఒకే గీతలో ఉండాలి. లివరు పైకి ఉంటే మణికట్టు వెనక్కి విరుచుకుని ఉంటుంది. బిగింపు బోల్టులు వదులు చేసి, లివరును కాస్త కిందికి తిప్పి మళ్లీ బిగించడం మెకానిక్‌కు ఐదు నిమిషాల పని. రెండోది వెనక షాక్ అబ్జార్బర్ బిగువు. యాభై ఐదు కిలోల మనిషికీ తొంభై కిలోల మనిషికీ అది ఒకేలా పనిచేయదు కాబట్టి, మీ బండిలో దాన్ని మార్చే వీలుంటే మీ బరువు చెప్పి సరిచేయించుకోండి. మూడోది టైర్లలో గాలి. నా బండి ఇచ్చినప్పుడు గాలి చూడనేలేదు. వారం తర్వాత పెట్రోలు బంకులో చూపిస్తే 40 పీఎస్ఐ దాటి ఉంది, రోడ్డు మీద ప్రతి అతుకూ వెన్నుకు ఎందుకు కొట్టిందో అప్పుడర్థమైంది. చైను కవరు మీదో, వెనక చక్రం పట్టే చేతి మీదో అంటించిన స్టిక్కరులో ఎంత రాసి ఉంటే అంతే కొట్టించండి. బండి నడవక ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. ఎండాకాలం టైరు పగులుతుందేమోనని గాలి తగ్గించడం మన దగ్గర ఉన్న అలవాటు. దానివల్ల టైరు మరింత వేడెక్కుతుంది.

కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది కాబట్టి మొదటి వంద, నూటయాభై కిలోమీటర్లు మలుపుల్లో బండిని ఎక్కువగా వాల్చకండి. మొదటి సర్వీసింగ్ అయ్యేదాకా ఇంజన్‌ను అదిమి పరుగెత్తించకూడదు. అలాగని పై గేరులో మూలుగుతూ లాగించడమూ మంచిది కాదు, వేగాన్ని మార్చుతూ ఉండాలి. నార్కట్‌పల్లి దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కగానే చేయి ఆగదు, కానీ ఒకే వేగంతో గంటసేపు పోవడం కొత్త ఇంజన్‌కు పనికిరాదు. హైదరాబాద్ వరకు వెళ్లేవాళ్లు ఔటర్ రింగ్ రోడ్డు మీద ద్విచక్ర వాహనాలకు అనుమతి లేదన్న సంగతి గుర్తుంచుకోండి.

కాగితాల విషయం షోరూం వాళ్లే చూసుకుంటారు. థర్డ్ పార్టీ బీమా ఐదేళ్లకు ముందే కట్టించుకుంటారు గానీ, సొంత బండికి జరిగే నష్టానికి ఇచ్చే బీమాను ఏటా పునరుద్ధరించుకోవలసి రావచ్చు కాబట్టి దాని గడువు చూసుకోండి. ఈ బండ్లకు చుట్టూ ఉండే ప్లాస్టిక్ తొడుగు నిలబెట్టిన చోట పడినా పగులుతుంది, ఖరీదూ ఎక్కువే.

మన రోడ్ల గురించి కొంచెం వివరంగా చెప్పాలి. కోతల కాలంలో నల్లగొండ జిల్లాలో సగం రోడ్డు కల్లమవుతుంది. రైతుకు వేరే చోటు లేక వడ్లు ఆరబోస్తాడు, రాత్రికి వాటి మీద నల్ల పట్టా కప్పి చుట్టూ రాళ్లు పెడతాడు. చీకట్లో ఆ పట్టా రోడ్డులో కలిసిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, మళ్లీ ఏప్రిల్, మే నెలల్లో ఊరి రోడ్ల మీద రాత్రి ప్రయాణం మానుకోవడమే మేలు. వడ్ల మీదికి ఎక్కక తప్పకపోతే బ్రేకు జోలికి పోకుండా, బండిని వాల్చకుండా, నేరుగా నెమ్మదిగా దాటండి. నాట్ల కాలంలో ట్రాక్టర్ల కేజ్ వీల్స్ (దమ్ము చేసే ఇనుప చక్రాలు) విదిల్చిన బురద ఉంటుంది. బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్నా, ఆ బురద మీద టైరుకు పట్టు ఉండదు. మిర్యాలగూడ వైపు ఊక లారీల వెనక పోయేటప్పుడు హెల్మెట్ అద్దం పూర్తిగా దించుకోండి, కంట్లో పడిన ఊక నలుసు ఎంత బాధపెడుతుందో నాకు అనుభవమే.

రేడియేటర్ ఉన్న బండి అయితే, మే నెలలో దాని ఫ్యాను విసిరే వేడి గాలి నేరుగా కాళ్లకు తగులుతుంది. మందపాటి జీన్స్ ప్యాంటు, మడమలు కప్పే బూట్లు వేసుకుంటే అది చాలావరకు తెలియదు. అలాంటి బండిలో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) మట్టం నెలకోసారి చూసుకోవాలి. మహబూబ్‌నగర్ నుంచి జడ్చర్ల, కల్వకుర్తి మీదుగా శ్రీశైలం వెళ్లేవాళ్లు తెల్లవారుజామున బయలుదేరి, ముప్పావు గంటకోసారి దిగి మెడ, మణికట్లు తిప్పుకుని నీళ్లు తాగాలి. కల్వకుర్తిలో ఒకసారి, డిండి దగ్గర ఒకసారి ఆగడం నాకు కుదిరింది. మన్ననూరు దగ్గర అటవీ గేటును రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంచుతారు కనుక తిరుగు ప్రయాణం ఆ లెక్కన పెట్టుకోండి.

వెనక సీటు విషయంలో నిజం చెప్పాలంటే, ఈ బండ్లు ఇద్దరి కోసం చేసినవి కావు. వెనక సీటు చిన్నది, ఎత్తైనది, పట్టుకోవడానికి సరైన ఆసరా ఉండదు. మా అమ్మ మొదటిసారి ఎక్కినప్పుడు నా రెండు భుజాలూ గట్టిగా పట్టుకుని, "జర మెల్లగ పో బిడ్డా, నేను నీ మీదికే జారుతున్న" అన్నది. ఆమె బరువు కూడా నా మణికట్ల మీదే పడింది. వెనక కూర్చునే వాళ్లు మన భుజాలు కాకుండా, చేతులు ముందుకు చాపి ట్యాంకు మీద ఆనించుకుంటే ఇద్దరికీ హాయిగా ఉంటుంది. అది కుదరని పెద్దవాళ్లను ఊరి బయటికి ఈ బండి మీద తీసుకెళ్లకండి. అందం కోసం చీర గార్డు తీసేయించే వాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి, చీర కొంగో చున్నీయో చక్రంలో చుట్టుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది.

చివరగా చైను. ఎండిపోయిన చైను, వదులైన చైను తక్కువ వేగంలో బండిని కుదుపుతుంది, ఆ కుదుపు ఆపడానికి తెలియకుండానే హ్యాండిల్ బిగించి పడతాము, మళ్లీ మణికట్టు నొప్పి మొదలవుతుంది. పాలమూరు ఎర్రదుమ్ము నూనెతో కలిసి చైనుకు ముద్దలా పట్టుకుంటుంది కాబట్టి, దాదాపు ప్రతి 500 కిలోమీటర్లకు దాన్ని శుభ్రం చేసి, తుడిచి, చైను లూబ్ కొట్టాలి. బిగువు ఎంత ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. పొద్దున బయలుదేరే ముందు కొడితే నూనె అంతా వెనక చక్రం మీదికి చిందుతుంది. సాయంత్రం ఇంటికి రాగానే, చైను ఇంకా గోరువెచ్చగా ఉండగానే, ఇంజన్ ఆపి చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పుతూ లోపలి వైపు నుంచి కొట్టి రాత్రంతా వదిలేయండి.