పుట్టుమచ్చ పెరిగిందా? ఫోన్ ఫొటో, ఇమేజ్‌జే సాయంతో కొలిచే పద్ధతి

మూడు నెలల కిందటి ఫొటోనూ ఇవాళ్టి ఫొటోనూ పక్కపక్కన పెడితే మచ్చ పెద్దదైనట్టు కనిపించడం మామూలే. ఈసారి కెమెరాను కాస్త దగ్గరగా పట్టుకున్నా అలాగే కనిపిస్తుంది. దూరం, కోణం, వెలుతురు ప్రతిసారీ ఒకేలా ఉంటేనే పోలికకు విలువ. వాటిలో తేడా వస్తే తర్వాత ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా సరిదిద్దలేదు.

కొలతల కోసం ఎదురుచూడకూడని సందర్భాలు కొన్ని ఉన్నాయి. మచ్చలోంచి రక్తం కారినా, మానని పుండు పడినా, అంచు వంకరటింకరగా మారినా, ఒకే మచ్చలో రెండు మూడు రంగులు కొత్తగా కనిపించినా, గోటి కింద నల్లటి చార కొత్తగా వచ్చినా వెంటనే చర్మవైద్యుల దగ్గరికి వెళ్లాలి. 6 మిల్లీమీటర్లు దాటిన మచ్చను అనుమానించాలన్నది నిజమే కానీ, అంతకన్నా చిన్నవీ మెలనోమా (ప్రమాదకరమైన ఒకరకం చర్మ క్యాన్సర్) కావచ్చు. ఫొటోతో రోగ నిర్ధారణ జరగదు. మార్పు ఎప్పుడు మొదలైందో, ఎంత వచ్చిందో వైద్యులకు చూపించడానికి మాత్రం అది బాగా పనికొస్తుంది.

ఫొటో తీయడం

కావలసినవి: ఫోన్, చిన్న ట్రైపాడ్, మిల్లీమీటర్ల గీతలున్న కాగితపు స్కేలు, మెరుపు లేని బూడిదరంగు కార్డు. స్కేలును ప్రింట్ తీసుకుంటే ముందు దాన్ని స్టీలు స్కేలు పక్కన పెట్టి సరిచూడండి. ప్రింటర్ పేజీకి సరిపెట్టడానికి బొమ్మను కుదిస్తుంది. ఆ సెట్టింగ్ తీసేసి వంద శాతం సైజులో ప్రింట్ చేయాలి.

స్కేలు మచ్చ పక్కనే, చర్మానికి ఆనుకుని, మచ్చ ఉన్న ఎత్తులోనే ఉండాలి. కెమెరా 25 సెంటీమీటర్ల దూరంలో ఉండి, స్కేలు చర్మం కన్నా ఒక సెంటీమీటరు పైకి లేస్తే, అది దాదాపు 4 శాతం పెద్దగా కనిపిస్తుంది. దాంతో మచ్చ పొడవు 4 శాతం, వైశాల్యం 8 శాతం తక్కువగా తేలుతుంది. అలాగని గట్టిగా అదిమితే చర్మం సాగి మచ్చ ఆకారమే మారుతుంది.

కెమెరా చర్మానికి నిటారుగా ఎదురుగా ఉండాలి. 20 డిగ్రీలు వాలితే ఒక దిక్కున కొలత 6 శాతం తగ్గుతుంది, 30 డిగ్రీలైతే 13 శాతం. ముంజేయిలాంటి గుండ్రటి చోట మచ్చ సరిగ్గా ఫ్రేము మధ్యలో ఉండేలా చూసుకోండి.

దూరం 25 సెంటీమీటర్ల కన్నా తగ్గించకండి. మరీ దగ్గరికి వెళ్తే చాలా ఫోన్లు చెప్పకుండానే వెడల్పు లెన్స్‌కు మారిపోతాయి, దాంతో అంచులు సాగిపోతాయి. మాక్రో, బ్యూటీ, నైట్ మోడ్‌లు ఆపేయండి. 12 మెగాపిక్సెళ్ల మామూలు వెనుక కెమెరాతో ఈ దూరంలో ఒక మిల్లీమీటరుకు సుమారు 12 పిక్సెళ్లు వస్తాయి. అంటే 6 మిల్లీమీటర్ల మచ్చ 72 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. ఈ లెక్క గుర్తుంచుకోండి, కింద అవసరమవుతుంది.

ఫ్లాష్ వద్దు, చర్మం మెరిసి అంచు కనిపించదు. ఎండ నేరుగా పడని పగటి వెలుతురు మేలు. రాత్రయితే ఒకేరకం దీపాలు రెండింటిని చెరోపక్క 45 డిగ్రీల కోణంలో పెట్టండి. క్రీము తుడిచేయండి. స్నానం, వ్యాయామం చేశాక చర్మం ఎర్రబడి ఉంటుంది కాబట్టి అరగంట ఆగండి. తెరపై మచ్చను నొక్కిపట్టి ఫోకస్, వెలుతురు లాక్ చేసి, పది సెకన్ల టైమర్‌తో మూడు ఫొటోలు తీయండి.

వీపు మీద అయితే భంగిమ కూడా రాసిపెట్టుకోవాలి. చేయి ఎత్తితే అక్కడి చర్మం సాగుతుంది. సెల్ఫీ కెమెరా వాడకండి, చాలా ఫోన్లలో కుడిఎడమలు తారుమారవుతాయి. ఫొటోలో స్కేలు అంకెలు తిరగబడి ఉంటే జరిగిందదే.

ఇమేజ్‌జేలో కొలవడం

అమెరికా నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో పనిచేసిన వేన్ రాస్‌బాండ్ 1987లో మ్యాకింటాష్ కంప్యూటర్ల కోసం, ఫొటోల్లో కొలతలు తీసే ఎన్ఐహెచ్ ఇమేజ్ అనే ప్రోగ్రాము రాశారు. 1997లో అదే పని చేసే ఇమేజ్‌జేను జావా అనే ప్రోగ్రామింగ్ భాషలో తెచ్చారు. జావా కాబట్టి విండోస్, మ్యాక్, లినక్స్ అన్నిట్లో నడుస్తుంది. డబ్బు కట్టనక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. ఒంటి ఫొటోలు మన కంప్యూటరు దాటి పోవు. ఈ ఒక్క కారణానికే మచ్చల యాప్‌ల కన్నా ఇది నయం.

ఐఫోన్ హెచ్ఈఐసీ రకం ఫైళ్లు ఇందులో తెరుచుకోకపోవచ్చు, కెమెరా ఫార్మాట్‌ను ముందే జేపెగ్‌కు మార్చుకోండి. ఫొటోను కంప్యూటరుకు కేబుల్‌తో పంపండి. మెసేజింగ్ యాప్‌లో మామూలు ఫొటోగా పంపితే కుదించుకుపోయి పిక్సెళ్లు పోతాయి.

ఫొటో తెరిచాక గీత పరికరంతో స్కేలు మీద 20 మిల్లీమీటర్ల మేర గీత గీయండి. ఎనలైజ్ మెనూలో సెట్ స్కేల్ తెరిచి, నోన్ డిస్టెన్స్ దగ్గర 20, యూనిట్ దగ్గర మిల్లీమీటరు అని ఇవ్వండి. అక్కడున్న గ్లోబల్ అన్న గడిలో టిక్ ఉండకూడదు. ఉంటే ఇవాళ్టి కొలమానమే పాత ఫొటోలకూ అంటుకుని అన్ని కొలతలూ పాడవుతాయి. ప్రతి ఫొటోకూ దాని స్కేలు నుంచే కొలమానం తీసుకోవాలి.

తర్వాత సెట్ మెజర్‌మెంట్స్‌లో ఏరియా, ఫెరెట్స్ డయామీటర్ ఎంచుకోండి. రెండోది మచ్చకు అన్నిటికన్నా పొడవైన అడ్డకొలత ఇస్తుంది. బొమ్మను బాగా పెద్దది చేసి, పాలిగాన్ పరికరంతో అంచు వెంట చుట్టూ నొక్కుతూ వచ్చి, ఎం కీ నొక్కితే కొలతలు వస్తాయి. టీ కీ నొక్కితే గీసిన అంచు జాబితాలో చేరుతుంది. దాన్ని సేవ్ చేస్తే ఎక్కడ గీశారో తర్వాత చూసుకోవచ్చు.

పొడవును వెడల్పుతో హెచ్చించి వైశాల్యం అనుకోకండి. కోడిగుడ్డు ఆకారంలోని మచ్చకు అలా చేస్తే అసలుకన్నా 27 శాతం ఎక్కువ వస్తుంది.

తేడా నిజమేనా?

అంచు మసకగా ఉన్నచోట చేయి రెండు పిక్సెళ్లు అటూఇటూ కావడం సహజం. 72 పిక్సెళ్ల మచ్చకు చుట్టూ రెండేసి పిక్సెళ్లు బయటికి గీస్తే వైశాల్యం 11 శాతం పెరుగుతుంది. అందుకే అదేరోజు తీసిన మూడు ఫొటోలనూ విడివిడిగా కొలవండి. పాత కొలతలు చూడకుండా గీయాలి, చూస్తే చేయి వాటివైపే పోతుంది. మూడింటి మధ్య 10 శాతం తేడా వచ్చిందనుకుందాం. అయితే తర్వాతి నెలలో కనిపించే 8 శాతం పెరుగుదలను లెక్కలోకి తీసుకోలేం. 25 శాతం వస్తే స్కేలు, కోణం మరోసారి చూసి, అవి సరిగ్గానే ఉంటే ఫొటోలతో సహా వైద్యుల దగ్గరికి వెళ్లండి.

రంగును పోల్చాలంటే బూడిదరంగు కార్డు కూడా ఫ్రేములో ఉండాలి. గింప్ అనే ఉచిత ఫొటో ఎడిటర్‌లో లెవెల్స్ తెరిచి, గ్రే పాయింట్ పికర్‌తో ఆ కార్డు మీద నొక్కితే రంగు చాలావరకు సర్దుకుంటుంది. మార్చిన ఫొటోను వేరే పేరుతో దాచి, అసలు ఫైలును ముట్టుకోకండి.

ఫైలు పేరు సంవత్సరం, నెల, తేదీ వరసలో మొదలుపెట్టి ఒంటిలోని చోటు రాయండి: 2025-03-14-ఎడమభుజం-1. ఫొటోలు తేదీల క్రమంలో వాటంతటవే సర్దుకుంటాయి. ఎవరికైనా పంపేముందు ఫొటోలోని లొకేషన్ వివరాలు తీసేయండి. మార్పు కనిపించని మచ్చకు నెలకొకసారి తీస్తే చాలు.