విశ్వవిద్యాలయాల అంతర్జాతీయ విభాగంలో తొలి ఉద్యోగం: ఎలా సిద్ధం కావాలి

విదేశీ విద్య అనగానే మనవైపు విజయవాడ బెంజిసర్కిల్ పరిసరాల్లోనో, గుంటూరు బ్రాడీపేటలోనో కనిపించే కన్సల్టెన్సీ బోర్డులే గుర్తుకొస్తాయి. విద్యార్థుల మార్పిడి ఒప్పందాలు, విదేశీయుల ప్రవేశాలు, వారి వీసా నమోదులు చూసుకునే ఉద్యోగాలు విశ్వవిద్యాలయాల లోపలే ఉంటాయన్న సంగతి చాలామంది పట్టభద్రుల దృష్టికి రాదు. ప్రతి ఉన్నత విద్యాసంస్థలో అంతర్జాతీయ వ్యవహారాల కార్యాలయం ఉండాలని యూజీసీ 2021 మార్గదర్శకాల్లో సూచించింది. వడ్డేశ్వరంలోని కేఎల్, వడ్లమూడిలోని విజ్ఞాన్, నీరుకొండలోని ఎస్‌ఆర్‌ఎం-ఏపీ, ఐనవోలులోని విట్-ఏపీ, వీటితోపాటు ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం ఈ రెండు నగరాలకు చేరువలోనే ఉన్నాయి కనుక వెతుకులాట ఇక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

తొలి అవకాశం కన్సల్టెన్సీలోనే దొరికితే కాదనవలసిన పని లేదు. అయితే వాటి ఆదాయంలో పెద్ద భాగం విదేశీ విశ్వవిద్యాలయాలు ఇచ్చే కమీషన్ కావడం వల్ల కౌన్సెలర్ మీద అడ్మిషన్ల టార్గెట్ ఒత్తిడి ఉంటుంది. జీతంలో ఎంత భాగం టార్గెట్‌తో ముడిపడి ఉందో ముందే అడిగి తెలుసుకోండి. వీలైతే కౌన్సెలింగ్ కన్నా దరఖాస్తులు, ట్రాన్‌స్క్రిప్టులు చూసే పనినే ఎంచుకోండి. తర్వాత విశ్వవిద్యాలయానికి మారేటప్పుడు అక్కరకొచ్చే అనుభవం అదే.

విశ్వవిద్యాలయంలో కొత్తగా చేరినవారి చేతికి మొదట వచ్చేది సాధారణంగా విదేశీ విద్యార్థుల ఫైళ్ల పని. పాస్‌పోర్టు, వీసా గడువులు సరిచూడటం, ప్రవేశం పొందిన వారి వివరాలను విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయానికి (ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ) తెలియజేయడం, హాస్టల్‌లో దిగిన విద్యార్థి వివరాలు 24 గంటల్లోగా ఆ కార్యాలయానికి వెళ్లాయో లేదో వార్డెన్‌ను అడగడం, ఇవన్నీ చిన్న పనుల్లాగే కనిపిస్తాయి గానీ, వీటిలో ఒక్క తేదీ దాటినా ఇబ్బంది పడేది ఆ విద్యార్థే. నేపాల్ పౌరులకు వీసాతో పని లేదు. అలాంటి మినహాయింపులను కూడా విడిగా రాసి పెట్టుకోవాలి.

అసలు నైపుణ్యం బయటపడేది క్రెడిట్ల బదిలీలో. ఐరోపా ఈసీటీఎస్ పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ. మన జాతీయ క్రెడిట్ చట్రంలో ఏడాదికి 40 క్రెడిట్లు, 1,200 గంటలు. కాబట్టి గంటల లెక్కలో కాకుండా ఏడాది క్రెడిట్ల నిష్పత్తిలో చూస్తే, అక్కడ ఒక సెమిస్టర్‌లో 30 క్రెడిట్లు పూర్తిచేసి వచ్చిన విద్యార్థికి ఇక్కడి సుమారు 20 క్రెడిట్లు వచ్చినట్టు లెక్క. అంకెలు కుదిరినంత మాత్రాన సరిపోదు, ఏ సబ్జెక్టుకు బదులు ఏ సబ్జెక్టో విభాగాధిపతి చేత విద్యార్థి ప్రయాణానికి ముందే సంతకం చేయించాలి. తిరిగి వచ్చాక పంచాయితీ పెట్టుకుంటే తేలడం కష్టం. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ట్విన్నింగ్ కోర్సులో (కొంత చదువు విదేశీ సంస్థలో, డిగ్రీ మాత్రం మన సంస్థదే) విదేశీ సంస్థలో పొందే క్రెడిట్ల వాటా 30 శాతం మించకూడదు. రెండు సంస్థలూ కలిసి ఇచ్చే జాయింట్ డిగ్రీలో ఒక్కో సంస్థ నుంచి కనీసం 30 శాతం క్రెడిట్లు ఉండాలి. ఇంటర్వ్యూకు వెళ్లేముందు ఆ నిబంధనల మూలపాఠం చదవండి, వార్తాపత్రికల సారాంశం చాలదు.

అమెరికాలో ఉన్నత విద్యా పరిపాలనలో మాస్టర్స్ చేద్దామనుకునేవారు రుణం తీసుకోకముందే రెండు విషయాలు గమనించాలి. అక్కడ విదేశీ విద్యార్థులకు వీసా కోసం కావలసిన ఐ-20 పత్రం జారీచేసే అధికారి (డీఎస్ఓ) బాధ్యత అమెరికా పౌరులకు, శాశ్వత నివాసులకు మాత్రమే దక్కుతుంది. పైగా ఈ కోర్సు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో లేదు కనుక చదువయ్యాక అక్కడ పనిచేసేందుకు దొరికే అనుమతి (ఓపీటీ) 12 నెలలే, అదనపు 24 నెలల పొడిగింపు ఉండదు. ఇక్కడ రెండు మూడేళ్లు పనిచేసి, తర్వాత వెళ్లాలో వద్దో తేల్చుకోవడం మేలని నా అభిప్రాయం.

దరఖాస్తు పంపేటప్పుడు రెజ్యూమేతోపాటు ఒక పేజీ నోట్ జతచేయండి. ఆ విశ్వవిద్యాలయం వెబ్‌సైటులో పేర్కొన్న భాగస్వామి సంస్థల్లో ఒకదాన్ని ఎంచుకుని, అక్కడికి ఒక సెమిస్టర్ వెళ్లాలనుకునే విద్యార్థికి నామినేషన్ (భాగస్వామి సంస్థకు పేరు పంపడం) నుంచి మార్కుల నమోదు దాకా ఏ కాగితం ఎవరి నుంచి, ఎప్పటికి కావాలో వరుసగా రాయండి. జులై, ఆగస్టుల్లో ప్రవేశాల హడావుడిలో ఈ కార్యాలయాల వారికి తల ఎత్తే తీరిక ఉండదు కాబట్టి ఆ నోట్‌ను వేసవి ముగిసేలోపే డైరెక్టర్ పేరిట పంపించండి.