నూరు దాటిన అమ్మమ్మ అసలు వయసు తేల్చడం ఎలా?

ఫ్రాన్సులోని ఆర్ల్ ఊళ్లో 1875 ఫిబ్రవరి 21న పుట్టిన జీన్ కాల్మెంట్ 1997 ఆగస్టు 4న కన్నుమూశారు. అంటే 122 ఏళ్ల 164 రోజులు. రుజువులున్న వాళ్లలో ఇంతకాలం బతికిన మనిషి మరొకరు లేరు. ఆమె వయసును పరిశోధకులు ఒప్పుకున్నది పుట్టిన కాగితం ఒక్కటే చూసి కాదు. 1876 జనాభా లెక్కల్లో ఏడాది పిల్ల, 1896లో పెళ్లి, 1898లో కూతురు ఇవాన్, 1934లో ఆ కూతురి మరణం, 1942లో భర్త మరణం. ఒక్కో మజిలీకి ఒక్కో రికార్డు, అన్నిట్లో వయసు పొసగాలి. మీ ఇంటి పెద్దావిడ విషయంలోనూ దారి ఇదే.

మొదట ఆవిడనే అడగండి, కానీ "నీకెన్నేళ్లు?" అని కాదు. ఆ ప్రశ్నకు తొంభై, వంద అంటూ రౌండు అంకెలే వస్తాయి. తెలంగాణలో అయితే "పోలీసు చర్యప్పటికి నీకు పెళ్లయిందా? చంకలో ఎవరున్నారు?" అని అడిగితే 1948 సెప్టెంబరు దగ్గర ఒక మేకు దిగుతుంది. కోస్తాలో అయితే 1977 నవంబరు దివిసీమ ఉప్పెన నాటికి మనవలు ఎందరో అడగండి. తెలుగు సంవత్సరం పేరు గుర్తుంటే అదృష్టమే. 'ఆనంద' అంటే 1914–15. ఆ పేరు మళ్లీ 1974లో గాని రాదు కనుక తికమక ఉండదు. అయితే ఏడాది ఉగాదికి మారుతుంది. ఆనంద నామ సంవత్సరం మాఘంలో పుడితే 1915 అని రాయాలి. ఎక్కువమంది ఇక్కడే ఒక ఏడాది తప్పుతారు.

తర్వాత పిల్లల లెక్క. పెద్ద బిడ్డ వయసును పూర్తిగా నమ్మొద్దు, అంతకు ముందు కాన్పులు దక్కి ఉండకపోవచ్చు. కడసారి బిడ్డే గట్టి సాక్షి. ఆవిడకు 112 అంటున్నారు, చిన్న కొడుక్కి 58 అనుకోండి. 54లో కాన్పు అన్నమాట! ఎక్కడో పదేళ్లు అదనంగా చేరాయి. ఆ కొడుకు వయసుకు బడి టీసీనో పదో తరగతి సర్టిఫికెట్టో చూడండి.

ఆధార్‌లో జనవరి 1 అని ఉంటే అది చాలాసార్లు నోటిమాటగా చెప్పిన వయసు నుంచి కట్టిన తేదీ. ఓటరు కార్డు, పింఛను పుస్తకం దాన్నే ఎత్తి రాస్తే మూడూ కలిపి ఒక్క సాక్ష్యమే. పాత కాగితమే విలువైనది: భూమి రిజిస్ట్రేషన్ దస్తావేజులో రాసిన వయసు, చర్చి బాప్తిస్మం రిజిస్టరు, పాత శుభలేఖ. ఆర్ల్‌లో లాగా జనాభా లెక్కల్లో పేరు వెతకడం మనకు కుదరదు, మన జనగణనలో వ్యక్తుల వివరాలు గోప్యం.

చివరి పరీక్ష మనిషిది: అన్ని కాగితాల్లో ఉన్నదీ ఒక్కరేనా? కాల్మెంట్ విషయంలో 1934లో చనిపోయింది తల్లేననీ, కూతురు ఇవాన్ ఆమె పేరుతో బతికిందనీ 2018లో ఒక వాదన లేచింది. ఆర్ల్ రికార్డులు ముందు పెట్టి 2019లో పరిశోధకులు దాన్ని తిప్పికొట్టారు. మన ఇళ్లలో ఈ చిక్కు మరోలా వస్తుంది. పోయిన అక్క పేరే తర్వాతి పిల్లకు పెడతారు, అత్తారింట్లో పేరు మారుస్తారు. అందుకే ప్రతి కాగితంలో పేరుతో పాటు తండ్రి పేరు, పుట్టింటి ఇంటిపేరు, ఊరు కలుస్తున్నాయో లేదో చూడండి.

అన్నీ కలిశాక కూడా తేదీ తేలకపోతే '1913–1916 మధ్య' అని రాసి, పక్కనే ఏ కాగితం ఏ ఏడు చెబుతోందో నమోదు చేయండి.