కొత్తగా తెచ్చుకున్న చించిల్లా పిల్లను మొదటి నెల ఎలా చూసుకోవాలి?

చించిల్లా అంటే ఒత్తు బొచ్చున్న, ఎలుక జాతి చిన్న జంతువు. మా చించిల్లా చిన్ను మా ఇంట్లో పదకొండేళ్లు ఉంది. అది పోయాక ఖాళీ పంజరం వైపు చూడలేక మూడు వారాల్లోనే పండు అనే కొత్త పిల్లను తెచ్చుకున్నాం. టెక్సాస్‌లో ఉంటూ ఇప్పటికి నాలుగు చించిల్లాలను పెంచాను. దిక్కులేని జంతువులను కాపాడే రెస్క్యూ సంస్థ వాళ్లు అప్పగిస్తే ఇంకో పది పన్నెండు పిల్లలను కొన్నాళ్ల పాటు చూసుకున్నాను. ఒక జీవం పోయిన ఇంటికి కొత్త పిల్ల వచ్చినప్పుడు జరిగే పొరపాటు ఎప్పుడూ ఒక్కటే. పోయినదాని మీద బెంగంతా ఈ పిల్ల మీదికి మళ్లుతుంది. మొదటి రాత్రే పంజరంలోంచి తీసి గుండెలకు హత్తుకుంటారు. మూడో రోజుకు పిల్ల తిండి మానేస్తుంది. ఐదో రోజు "ఏమైందో అర్థం కావట్లేదండీ" అని నాకు ఫోను. ఏమైందో నాకు అర్థమవుతుంది. అందుకే ఇది రాస్తున్నా.

1. తెచ్చే ముందు అడగాల్సినవి

ఎనిమిది వారాలు నిండని పిల్లను తెచ్చుకోవద్దు. చించిల్లా పిల్లలు కళ్లు తెరిచే, ఒంటినిండా బొచ్చుతో, పళ్లతో పుడతాయి. పుట్టిన రోజే గంతులేస్తాయి కాబట్టి తల్లి అక్కర్లేదని అమ్మేవాళ్లు చెబుతుంటారు. నమ్మకండి, పాలు మానేదాకా తల్లి కావాలి. పుట్టిన తేదీ, ఆఖరిసారి తూచిన బరువు, ఆడో మగో అడిగి రాసుకోండి. అది అక్కడ తింటున్న గుళికల మేతే కనీసం రెండు వారాలకు సరిపడా తెచ్చుకోండి. మేత మార్చాలంటే ఆ తర్వాత, పాతదాంట్లో కొంచెం కొంచెంగా కలుపుతూ మార్చాలి.

2. సామాను

ఇనుప పంజరం, కమ్మీల మధ్య పిల్ల దూరలేనంత సందు. ఎండబెట్టిన పైన్ చెక్క అరలు, దాక్కోవడానికి ఒక చెక్క పెట్టె, గాజు నీళ్ల సీసా. ప్లాస్టిక్ ఏదీ వద్దు, కొరికి మింగుతాయి. దేవదారు చెక్క వద్దు. చెర్రీ, ప్లమ్ కొమ్మలూ వద్దు. ఆపిల్ కొమ్మ మంచిది. తిమోతి అనే రకం ఎండుగడ్డి రాత్రీ పగలూ అందుబాటులో ఉండాలి. వాటి పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి, అరగదీసేది ఆ గడ్డే. గుళికలు రోజుకు ఒకటి రెండు చెంచాలు చాలు. రంగు ముక్కలు, ఎండుద్రాక్ష, గింజలు కలిపిన ప్యాకెట్లు అంగడిలో చూడ్డానికి బాగుంటాయి గానీ వాటిని ఇంటికి తేకండి. ఒక గ్రాము కూడా తేడా చూపించే వంటింటి కాటా తప్పకుండా కొనండి.

3. చల్లదనం

ఇందులో బేరాల్లేవు. ఇవి దక్షిణ అమెరికాలోని ఆండీస్ కొండల జీవులు. ఒక్కో కుదురులోంచి యాభై, అరవై వెంట్రుకలు మొలిచే ఒత్తు బొచ్చు వీటిది, చెమట పట్టదు. గది 60 నుంచి 70 ఫారన్‌హీట్ మధ్య ఉండాలి, 80 దాటితే ప్రాణం మీదికి వస్తుంది. చెవులు ఎర్రబడి, పక్కకు వాలిపోయి రొప్పుతుంటే వెంటనే చల్లటి గదికి మార్చి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సిందే. 1923లో మథియాస్ చాప్‌మన్ అనే అమెరికా గని ఇంజనీరు చిలీ నుంచి చించిల్లాలను కాలిఫోర్నియాకు తెచ్చినప్పుడు, కొండల మీద నుంచి మెల్లమెల్లగా దించుతూ, ఓడలో మంచుగడ్డలతో చల్లబరుస్తూ తెచ్చాడు. అమెరికా ఇళ్లలో పెరిగేవి చాలామటుకు ఆ గుప్పెడు జంతువుల సంతానమే. వందేళ్లైనా వాటి ఒళ్లు ఎండకు అలవాటు పడలేదు. మా చెల్లెలు విజయవాడలో పెంచుకుంటానంటే వద్దనే చెప్పాను. మే నెలలో రెండు గంటలు కరెంటు పోతే చాలు.

4. పాత పంజరం

పోయినదాని పంజరమే వాడొచ్చు. ఇనుప భాగాలన్నీ వేడినీళ్లు, వెనిగర్‌తో తోమి, బాగా ఆరబెట్టాలి. చెక్క అరలు, పాత గడ్డి, మిగిలిన స్నానపు పొడి మాత్రం తీసేయాల్సిందే. చెక్క మూత్రాన్ని పీల్చుకుని ఉంటుంది, తామర లాంటి జబ్బులూ అంటుకునే వీలుంది. చిన్ను పదకొండేళ్లు కొరికి కొరికి చంద్రవంకలా చేసిన అరను పారేయలేకపోయాను. అది నా బల్ల సొరుగులో ఉంది, పండు పంజరంలో లేదు. పాతది ఎందుకు పోయిందో తెలియకపోతే కొత్తదాన్ని తెచ్చేముందే డాక్టర్‌ను అడగండి. ఇంట్లో ఇంకో చించిల్లా ఉంటే, జోడు పోయి దిగులుగా ఉంది కదా అని పిల్లను తెచ్చి దాని పక్కన పెట్టకండి. నెల రోజులు వేరే గది, వేరే గిన్నెలు.

5. మచ్చిక చేసుకోవడం

అందరూ చెడగొట్టేది ఇక్కడే. కాబట్టి నిదానంగా చదవండి.

మొదటి మూడు రోజులు పంజరంలో చెయ్యి పెట్టేది మేతకూ, నీళ్లకూ, రోజుకోసారి తూకానికీ మాత్రమే. పంజరం మీద మూడు వైపులా పల్చటి నూలుగుడ్డ కప్పండి, గాలి ఆడాలి. చుట్టాలను, పక్కింటి పిల్లలను పిలిచి చూపించకండి. పొద్దుగూకాక అది లేచే వేళకు పంజరం పక్కన నేల మీద కూర్చుని మెల్లగా మాట్లాడండి. ఫోనులో అమ్మతో మాట్లాడినా సరే, మీ గొంతు దానికి అలవాటు కావాలి.

నాలుగో రోజు నుంచి తలుపు తెరిచి అరచేయి వెల్లకిలా నేలకు ఆనించి పెట్టండి. అందులో ఒక్కటంటే ఒక్క ఓట్స్ రేకు. చెయ్యి కదలకూడదు, తిమ్మిరెక్కినా సరే. పండు మొదటి రోజు రాలేదు, రెండో రోజూ రాలేదు. మూడో రోజు మీసాలు నా వేలికి తగిలాయి. తర్వాత నా బొటనవేలి గోరును పళ్లతో మెల్లగా నొక్కి చూసింది. కొరకడం కాదది, చెక్కో చర్మమో తేల్చుకోవడం. అప్పుడు చెయ్యి లాక్కుంటే మళ్లీ మొదటికొస్తుంది. నాలుగో రోజు ముందుకాళ్లు రెండూ నా అరచేతిలో పెట్టి, రేకు తీసుకుని, అక్కడే నిలబడి తింది. దాని బరువు చేతికి తెలియనే లేదు. ఎత్తబోకండి, తిననివ్వండి. మరో మూడు నాలుగు రోజులకు నాలుగు కాళ్లతో ఎక్కి కూర్చుంటుంది. అప్పుడు రెండో చెయ్యి వెనక భాగం కింద ఉంచి ఒక్క జానెడు ఎత్తి దించండి. అంతే, ఆ రోజుకు చాలు.

పైనుంచి చెయ్యి ఎప్పుడూ దించవద్దు. కొండల్లో వీటిని ఎత్తుకుపోయే గద్ద అలాగే దిగుతుంది. నడుము పట్టి బిగిస్తే పక్కటెముకలు సున్నితం. బొచ్చు పట్టుకుంటే కుచ్చుకు కుచ్చు ఊడి మీ చేతిలోకి వస్తుంది, వేటజంతువు నోట్లో బొచ్చు వదిలి పారిపోవడానికి ప్రకృతి పెట్టిన ఏర్పాటది. తిరిగి మొలవడానికి నెలలు పడుతుంది. ఆడపిల్ల అయితే వెనక కాళ్ల మీద లేచి మూత్రం చిమ్ముతుంది కూడా. దాని తప్పేమీ లేదు, మీరు హద్దు దాటారని చెబుతోంది.

తువ్వాలులో చుట్టి ఒళ్లో అరగంట బిగించి కూర్చుంటే అదే అలవాటు పడుతుందని కొందరు నేర్పిస్తారు. అలా "అలవాటు" పడ్డ పిల్లలు నా దగ్గరికి వచ్చాయి. చెయ్యి కనబడగానే బిగుసుకుపోయి కదలకుండా ఉంటాయి. చూసేవాళ్లు బుద్ధిమంతురాలు అనుకుంటారు. అది భయం. దాన్ని పోగొట్టడానికి రెండు వారాల పని నాలుగు నెలలైంది.

ఇంకో మాట. చిన్ను నా భుజం మీదెక్కి చెవి దగ్గర మీసాలు ఆడించేది. పండు కూడా అలా చెయ్యాలని మొదట్లో నేనూ ఆశపడ్డాను. చిన్నుకు ఆ చనువు రావడానికి రెండేళ్లు పట్టింది, నేనే మర్చిపోయాను. కొత్తపిల్లను పాత పేరుతో పిలవకండి, పాతదాని బరువులు రాసిన నోటుబుక్కులో దీని లెక్క రాయకండి. కొత్త పుస్తకం కొనండి. ఏడుపొస్తే పక్క గదిలో ఏడవండి, పిల్లను పట్టుకుని కాదు.

6. తూకం

రోజూ ఒకే వేళకు, చెక్క గిన్నెలో కూర్చోబెట్టి తూచాలి. గిన్నెను పంజరంలోనే పెట్టి, అదే ఎక్కేదాకా ఆగండి. పిల్ల బరువు మొత్తం మీద పెరుగుతూ పోవాలి. వచ్చిన మొదటి రోజు నాలుగైదు గ్రాములు తగ్గడం మామూలే. వరసగా రెండు రోజులు తగ్గితే మాత్రం మర్నాటి దాకా ఆగకండి. పొద్దున్నే పెంటికలు కూడా చూడండి. వడ్లగింజ ఆకారంలో, లావుగా, పొడిగా ఉండాలి. సన్నబడ్డా, తగ్గినా కడుపులో పేగుల కదలిక ఆగిపోతోందని అర్థం. సగం రోజు తినకుండా, పెంటిక వేయకుండా ఉంటే అర్ధరాత్రైనా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. కుక్కలూ పిల్లులూ చూసే డాక్టర్లందరికీ వీటి సంగతి తెలియదు. ఒకసారి ఒక క్లినిక్‌లో, తిండి మానేసిన పిల్లకు "రేపటికి సర్దుకుంటుంది" అని పంపేశారు. రేపటికి అది లేదు. చించిల్లాలను చూసే డాక్టర్ నంబరు పిల్ల రాకముందే సంపాదించి పెట్టుకోండి.

7. దుమ్ము స్నానం

నీళ్లతో ఎప్పుడూ కడగవద్దు. బొచ్చు తడిస్తే లోపల ఆరదు, బూజు పడుతుంది. చించిల్లాల కోసమే అమ్మే మెత్తని అగ్నిపర్వత ధూళిని వెడల్పాటి గిన్నెలో రెండంగుళాలు పోసి, వారానికి రెండు మూడు సార్లు, పదిహేను నిమిషాలు పెట్టి తీసేయండి. ఇసుక, టాల్కం పౌడరు పనికిరావు. మొదటి వారం స్నానం వద్దు. చేతిలోకి ఎక్కడం మొదలుపెట్టాక పెట్టండి. ముందు వాసన చూస్తుంది, ఒక కాలు పెట్టి తీస్తుంది, తర్వాత ఒక్కసారిగా పొర్లుతుంది. గది కిటికీ కాస్త తెరిచి ఉంచండి, మీకు ఉబ్బసం ఉంటే ముక్కుకు గుడ్డ కట్టుకోండి.