పొగమంచులో ల్యాండింగ్, 4వ పాఠం: బాగా కనిపిస్తున్నప్పుడు ఆటోల్యాండ్

పోయిన పాఠం చివర ఇచ్చిన ప్రశ్నకి దాదాపు అందరూ ఒకే జవాబు రాశారు. ఒక ఎయిర్‌పోర్టులో 2,000 మీటర్ల దాకా కనిపిస్తోంది, ఇంకోచోట 100 మీటర్లే. రెండు చోట్లా విమానాన్ని దించేది ఆటోపైలటే. రన్‌వే దారి చూపించే రేడియో సిగ్నల్‌ని ఎక్కడ ఎక్కువ అనుమానించాలి? '100 మీటర్ల చోట' అన్నారు. తప్పు. ఇది సరిచేయకుండా ముందుకెళ్తే అంతా గందరగోళమే. అందుకని ఇవాళ చెప్పాల్సింది చివర్లో నాలుగు ముక్కల్లో కానిస్తాను.

ఆ సిగ్నల్‌ని పంపే ఏర్పాటు ఐఎల్ఎస్ గురించి మళ్లీ మొదటినుంచీ చెప్పను. ఒక్కటి గుర్తుంచుకోండి: రన్‌వే మధ్యగీతని చూపించే లోకలైజర్ యాంటెన్నాలు మనం దిగే కొస దగ్గర ఉండవు, అవతలి కొస దాటాక ఉంటాయి. సిగ్నల్ రన్‌వే పొడవునా వచ్చి మనల్ని చేరాలి. దారిలో ఏ పెద్ద విమానమో అడ్డం వెళ్లినా, ముందు టేకాఫ్ అయిన విమానం యాంటెన్నాల మీదుగా ఎగిరినా ఆ సిగ్నల్ వంగుతుంది. ఆటోపైలట్‌కి కళ్లు లేవు కదా, వంగిన గీతనే పట్టుకుని పోతుంది.

మంచు దట్టంగా ఉంటే లో విజిబిలిటీ ప్రొసీజర్స్ అమలు చేస్తారు. టేకాఫ్‌కి వచ్చే విమానాల్ని రన్‌వేకి బాగా దూరంగా ఆపుతారు, దిగేవాటి మధ్య ఎడం పెంచుతారు. అంతా సిగ్నల్ చెడకుండా ఉండటానికే. జనవరిలో ఢిల్లీ ఫ్లైట్ లేటని శంషాబాద్‌లో కూర్చుని విసుక్కుంటారే, ఆ ఆలస్యంలో కొంత ఈ ఎడం వల్లే. 50 మీటర్ల ఆర్‌వీఆర్‌లో (అంటే రన్‌వే మీద 50 మీటర్ల దాకానే కనిపిస్తున్నా) కూడా ఢిల్లీలో దిగగలిగేది ఇలాంటి కట్టుదిట్టాలు ఉండబట్టే.

2,000 మీటర్లు కనిపిస్తుంటే ఇవేవీ ఉండవు. ఒకటి ఎగురుతుంటే వెనకే ఇంకోటి దిగుతుంటుంది.

2011 నవంబర్ 3, మ్యూనిక్. సింగపూర్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ 777 ఆటోల్యాండ్‌లో దిగుతోంది. లో విజిబిలిటీ ప్రొసీజర్స్ అమల్లో లేవు. ముందు టేకాఫ్ అయిన ఆవ్రో ఆర్‌జే85 లోకలైజర్ యాంటెన్నాల మీదుగా వెళ్లింది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు 777 ఎడమవైపు గడ్డిలోకి దిగి, మళ్లీ రన్‌వేని అడ్డంగా దాటి, కుడివైపు గడ్డిలో ఆగింది. అదృష్టం, ఎవరికీ దెబ్బలు తగల్లేదు.

'ఆటోల్యాండ్ ఉందిగా, టెన్షన్ ఎందుకు' అనే మాట వింటే నాకు చిరాకు అందుకే. బాగా కనిపించే రోజున ప్రాక్టీస్ కోసం ఆటోల్యాండ్ చేస్తే ముందే ఏటీసీకి, అంటే విమానాల రాకపోకల్ని నడిపించే కంట్రోలర్లకి, చెప్పాలి. చెప్పినా సిగ్నల్‌కి రక్షణ ఇస్తారన్న హామీ లేదు. చేతులు కంట్రోల్స్ మీద, కళ్లు బయట ఉండాలి. రక్షణ లేదన్నారా, నేనైతే చేత్తోనే దించమంటాను.

ఇక ఇవాళ్టి పాఠం, ఎయిర్‌బస్ ఏ320లో. నేల నుంచి ఎత్తు చెప్పే రేడియో ఆల్టిమీటర్ 400 అడుగులు చూపేసరికి ఎదుటి స్క్రీన్ మీద 'ల్యాండ్' అని రావాలి. 40 అడుగుల దగ్గర 'ఫ్లేర్', ముక్కు లేస్తుంది. 10 అడుగుల దగ్గర 'రిటార్డ్' అని గొంతు వినిపిస్తుంది, థ్రస్ట్ లీవర్లని (ఇంజిన్ శక్తిని మార్చే పిడుల్ని) ఐడిల్‌కి, అంటే అతి తక్కువ శక్తికి, లాగాల్సింది పైలటే. చక్రాలు ఆనాక 'రోలౌట్'. 200 అడుగుల లోపు ఎర్రటి ఆటోల్యాండ్ లైటు వెలిగి, రన్‌వే కనిపించకపోతే గో-అరౌండ్, అంటే దిగడం మానేసి మళ్లీ పైకి లేవడమే, మారు ఆలోచన లేదు.

అభ్యాసం: దిగే విమానం వేగం సెకనుకి 72 మీటర్లు. 3 డిగ్రీల వాలులో ఒక నాటికల్ మైలుకి, అంటే 1,852 మీటర్లకి, సుమారు 318 అడుగులు దిగుతుంది. ముందు విమానం పరుగు మొదలుపెట్టి యాంటెన్నాలు దాటడానికి 50 సెకన్లు పడుతుందనుకోండి. మనం 200 అడుగులకి చేరేలోపు అది దాటేయాలంటే, దాని పరుగు మొదలయ్యేటప్పటికి మనం టచ్‌డౌన్ చోటుకి కనీసం ఎంత దూరంలో ఉండాలి? లెక్క కాగితం మీద బొమ్మ గీసి చేయండి. తర్వాత అదే లెక్క 60 సెకన్లకీ, 75 సెకన్లకీ.